పికప్‌తో క్యాంపింగ్‌కి వెళ్తున్నారా? ముందు ఈ లెక్క చూసుకోండి!

కొండదారులు, ఇసుక తిన్నెలు దాటి వెళ్లి అక్కడే టెంట్ వేసుకోవాలంటే పికప్ ట్రక్ బెస్ట్. టయోటా హైలక్స్, మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ లాంటివి ఇందుకు పనికొస్తాయి. అయితే చాలామంది చేసే తప్పు ఒకటుంది. కనిపించిన యాక్సెసరీ అల్లా తగిలించేయడం!

బండి ఎంత బరువు మోయాలో కంపెనీ ముందే చెబుతుంది. అందులో మనుషులూ లెక్కే. ఒక్కొక్కరు 70 కిలోలనుకుంటే ఐదుగురికే 350 కిలోలు. 40 లీటర్ల నీళ్లంటే మరో 40 కిలోలు. దానిపై రూఫ్ టెంట్. పైన బరువు పెరిగితే వాలులో బండి పల్టీ కొట్టే ముప్పు ఎక్కువ. అందుకే నీళ్లు, టూల్స్ ట్రేలో కిందనే, క్యాబిన్‌కు దగ్గరగా పెట్టి గట్టిగా కట్టాలి.

మరి ముందు ఏం కొనాలి? ఆల్ టెరైన్ టైర్లు, టో స్ట్రాప్, పార, ఎయిర్ కంప్రెసర్. ఇసుకలో టైర్ల గాలి కాస్త తగ్గిస్తే గ్రిప్ పెరుగుతుంది. తిరిగి రోడ్డెక్కే ముందు మళ్లీ నింపాల్సిందే.

బుల్ బార్ మాత్రం వద్దు. గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగ్ సరిగా తెరుచుకోకపోవచ్చు. వీటిపై చర్యలు తీసుకోవాలని 2017లోనే కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది.

చివరగా.. చలేస్తోందని టెంట్ మూసేసి లోపల స్టవ్, కుంపటి వెలిగించొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.