మొదటి రోజు మాట, పదహారో రోజు మాట

2014 డిసెంబరు 17 ఉదయం మన దేశంలో చాలా బడుల్లో పిల్లలు రెండు నిమిషాలు మౌనంగా నిలబడ్డారు. అంతకు ముందురోజు పెషావర్‌లోని ఆర్మీ పబ్లిక్ స్కూల్లోకి తాలిబన్ ముష్కరులు చొరబడి 130 మందికి పైగా విద్యార్థుల్ని కాల్చి చంపారు. ప్రధాని మోదీ పాక్ ప్రధాని నవాజ్ షరీఫ్‌కు ఫోన్ చేసి పరామర్శించారు. పార్లమెంటు నివాళి అర్పించింది. ‘ఇండియా విత్ పాకిస్థాన్’ అన్న హ్యాష్‌ట్యాగ్ దేశమంతా తిరిగింది. పసిపిల్లల శవపేటికలు చూసిన వాళ్ళెవరికీ ఆ రోజు సరిహద్దు గుర్తుకు రాలేదు.

18వ తేదీన ఇస్లామాబాద్‌లోని ఉగ్రవాద వ్యతిరేక కోర్టు జకీవుర్ రెహ్మాన్ లఖ్వీకి బెయిలిచ్చింది. ముంబయి దాడుల సూత్రధారుల్లో ఒకడని మన దేశం ఏళ్ళ తరబడి చెబుతున్న మనిషి. 19న లోక్‌సభ దాన్ని ఖండిస్తూ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. బడిపిల్లల మౌనానికీ ఆ తీర్మానానికీ మధ్య గడిచింది రెండంటే రెండు రోజులు. ఆ రెండు రోజుల్లో జనం మనసులు మారిపోయాయనుకోను. పెషావర్ తల్లుల మీద జాలి అలాగే ఉంది. కానీ మాట్లాడుకోవలసిన విషయం మారిపోయింది.

ఉగ్రదాడి జరిగిన ప్రతిసారీ మనం ఒక ప్రశ్న వేసుకుంటాం: అటువైపు జనం ఏమంటున్నారు? అది సగం ప్రశ్నే. ఏ రోజు అంటున్నారు, ఎవరితో అంటున్నారు అన్నది మిగతా సగం. ఈ సగాన్ని వదిలేస్తే ఒక్క మాటను పట్టుకుని ఇరవై నాలుగు కోట్ల మంది మనసు చదివేశామనుకుంటాం.

2008 నవంబరు 26నే తీసుకోండి. పదిమంది ముష్కరులు సముద్రం మీదుగా ముంబయిలో దిగిన ఆ రాత్రి పాకిస్థాన్ విదేశాంగ మంత్రి షా మహమూద్ ఖురేషీ ఢిల్లీలోనే ఉన్నారు, చర్చల కోసం వచ్చి. 166 మంది ప్రాణాలు పోయాయి. దాడి ఇంకా ముగియకముందే, 28న, ఐఎస్ఐ అధిపతిని భారత్‌కు పంపడానికి ప్రధాని గిలానీ ఒప్పుకున్నారు. మర్నాటికి ఆ మాట వెనక్కి పోయింది. అదే 28 రాత్రి మన విదేశాంగ మంత్రి ప్రణబ్ ముఖర్జీ పేరుతో ఎవడో ఆకతాయి అధ్యక్షుడు జర్దారీకి ఫోన్ చేసి బెదిరిస్తే, అది నిజమని నమ్మి పాక్ వైమానిక దళం అప్రమత్తమైందని తర్వాత డాన్ పత్రిక బయటపెట్టింది. రెండు అణుదేశాలు ఒక దొంగ ఫోన్ కాల్ దూరంలో నిలబడ్డాయన్నమాట.

ఆ తర్వాత కసబ్ విషయం. ప్రాణాలతో దొరికినవాడు వాడొక్కడే. వాడు మావాడని తేలలేదన్నది మొదట్లో ఇస్లామాబాద్ మాట. అక్కడి టీవీల్లో దాడి వెనక భారత్ చేయే ఉందని చెప్పే వ్యాఖ్యాతలకు కొదవ లేదు. కానీ ఒకారా జిల్లా ఫరీద్‌కోట్ గ్రామానికి వెళ్ళి, వాడి ఇంటి వివరాలు వెతికి పట్టుకున్నది కూడా పాకిస్థాన్ విలేకరులే. డాన్ పత్రిక వాడి తండ్రితోనే మాట్లాడి అచ్చేసింది. చివరికి 2009 జనవరి 7న కసబ్ పాకిస్థానీయే అని ప్రభుత్వం ఒప్పుకుంది. తనను అడక్కుండా ఆ నిజం పైకి చెప్పాడని జాతీయ భద్రతా సలహాదారు మహమూద్ అలీ దురానీని ప్రధాని అదే రోజు పదవిలోంచి తీసేశారు. నిజం ఒప్పుకోవడం, చెప్పినవాడికి ఉద్వాసన పలకడం ఒకే రోజున! అటువైపు ప్రతిస్పందన అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. విలేకరీ, సలహాదారూ, ప్రధానీ ముగ్గురూ పాకిస్థానే. మనం వీళ్ళలో ఎవరి మాట విన్నామన్నదే తేడా.

మనవైపు ఏమైందో కూడా చెప్పుకోవాలి. డిసెంబరు 3న గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర వేలాది మంది చేరారు. వాళ్ళ కోపం ఒక్క పాకిస్థాన్ మీదే కాదు, మన పాలకుల మీద కూడా. కేంద్ర హోంమంత్రి శివరాజ్ పాటిల్, మహారాష్ట్ర ముఖ్యమంత్రి విలాస్‌రావ్ దేశ్‌ముఖ్ రాజీనామా చేయాల్సి వచ్చింది. చనిపోయిన తొమ్మిది మంది ముష్కరుల శవాలను తమ శ్మశానంలో పూడ్చడానికి ముంబయి ముస్లిం ట్రస్టు ఒప్పుకోలేదు. ఈ సంగతులన్నీ కాలక్రమంలో వెనక్కిపోయి, ‘దేశమంతా ఒక్కటై గర్జించింది’ అన్న ఒక్క వాక్యం మిగిలింది.

ఇక నిరాకరణ సంగతి. దాడి వార్త రాగానే అటువైపు నుంచి ‘ఇది వాళ్ళే చేసుకున్నారు’ అనే మాట ఎందుకు పుడుతుంది? బుకాయింపు అనేస్తే సరిపోదు. రావల్పిండిలోనో ముల్తాన్‌లోనో కూర్చున్న మామూలు మనిషికి వార్తతో పాటే నింద కూడా చేరుతుంది. చనిపోయినవాళ్ళ గురించి తెలిసే సరికే ‘మీరే చంపారు’ అన్న మాట వినబడుతుంది. అలాంటప్పుడు అయ్యో అనడం కూడా నేరం ఒప్పుకున్నట్టు అవుతుందేమోనని గొంతు తడబడుతుంది. దానికి తోడు 2001 నుంచి వాళ్ళ దేశంలోనే మసీదుల్లో, బజార్లలో, బడుల్లో బాంబులకు పదుల వేల మంది పోయారు. ‘మేమూ బాధితులమే కదా’ అన్నది వాళ్ళకు వాదన కాదు, అనుభవం. అయితే తమ సైన్యం పెంచి పోషించిన గుంపులే ఆ బాంబుల్లో కొన్నింటికి మూలమన్న సంగతిని పైకి అనగలిగిన గొంతులు అక్కడ తక్కువ. అన్నవాళ్ళకు దక్కే మర్యాద ఏమిటో దురానీ కథలో చూశాం.

అవతలివాళ్ళ చావుకు అయ్యో అనలేని ఈ జబ్బు ఒక వైపుదే అనుకోనక్కర్లేదు. 2025 మార్చి 11న బలూచిస్థాన్‌లో వేర్పాటువాదులు జాఫర్ ఎక్స్‌ప్రెస్ రైలును ఆపి వందలమందిని బందీలుగా పట్టుకున్నారు. పాక్ సైనిక ప్రతినిధి దాని వెనక భారత్ ఉందన్నారు, మన విదేశాంగ శాఖ అది నిరాధారమంది. 2014లో పెషావర్ కోసం మౌనం పాటించిన దేశంలోనే ఈసారి సోషల్ మీడియాలో ‘తగిన శాస్తి’ అన్న మాటలు కనిపించాయి. పదకొండేళ్ళు కూడా కాలేదు.

2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో 40 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు బలయ్యాక, పాకిస్థాన్‌లో కొందరు యువతులు ‘నేను పాకిస్థానీని, ఈ దాడిని ఖండిస్తున్నాను’ అని రాసిన అట్టలు పట్టుకుని ఫొటోలు పెట్టారు. సంఖ్య చిన్నదే. పదమూడో రోజున బాలాకోట్ మీద మన విమానాలు దాడి చేశాక ఆ అట్టలకు చోటు లేకుండా పోయింది.

పహల్గాం విషయంలో ఈ రోజుల లెక్క మరీ స్పష్టంగా కనబడుతుంది. 2025 ఏప్రిల్ 22న బైసరన్ మైదానంలో 26 మందిని చంపారు. వారిలో విశాఖపట్నం నుంచి వెళ్ళిన విశ్రాంత బ్యాంకు ఉద్యోగి ఒకరు, కావలికి చెందిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఒకరు. మతం అడిగి మరీ కాల్చారు. అడ్డుపడ్డ స్థానిక ముస్లిం గుర్రపువాడినీ వదల్లేదు. మర్నాడు కశ్మీర్ లోయ బంద్ పాటించింది. అక్కడి పత్రికలు మొదటి పేజీని నలుపు చేసి అచ్చేశాయి. మూడున్నర దశాబ్దాల్లో మిలిటెంట్ల దాడికి వ్యతిరేకంగా లోయ అలా తలుపులు మూసుకోవడం అదే మొదటిసారని అక్కడివాళ్ళే అన్నారు.

అదే రోజు, 23న, పాకిస్థాన్ నటుడు ఫవాద్ ఖాన్ తన సంతాపం ప్రకటించాడు. నటి హానియా ఆమిర్ కూడా బాధపడుతూ రాసింది. మే 7 తెల్లవారుజామున ఆపరేషన్ సిందూర్ జరిగింది. అదే ఫవాద్ ఈసారి మన దాడి సిగ్గుచేటని రాశాడు. ఇక్కడ చాలామంది ‘చూశారా, అసలు రంగు బయటపడింది’ అన్నారు. నాకలా అనిపించలేదు. ఏప్రిల్ 22 నుంచి లెక్కేస్తే మే 7 పదహారో రోజు. మొదటి మాట పోయినవాళ్ళ గురించి. రెండో మాట తన దేశం మీద పడ్డ బాంబుల గురించి. ఒకే మనిషి, రెండు వేర్వేరు సంఘటనలు. కరాచీ నుంచో లాహోర్ నుంచో బాంబులు పడ్డ రోజున మన నటులు ఏమంటారో ఊహించడం కష్టం కాదు. మొదటి మాట అబద్ధమని రెండో మాట రుజువు చేయదు. ఆ మధ్య పదిహేను రోజుల్లో సింధు జలాల ఒప్పందం పక్కకు పోయింది, అటారీ సరిహద్దు గేటు మూతపడింది, వీసాలు రద్దయ్యాయి, అటువైపు సిమ్లా ఒప్పందాన్ని పక్కన పెడతామన్నారు, ఆకాశ మార్గం మూశారు. మనుషులు ఉన్నచోటే ఉన్నారు, కింద నేల జరిగింది.

ఆ పదిహేను రోజుల్లో అటువైపు యువత మీమ్‌లు కూడా బాగా ప్రచారమయ్యాయి. యుద్ధం చేయదలచుకుంటే రాత్రి తొమ్మిదిలోపు ముగించమనీ, ఆ తర్వాత తమకు గ్యాస్ రాదనీ ఒకటి. నీళ్ళు ఆపేస్తామంటే, మాకు నల్లాలో ఎప్పుడొచ్చాయి గనక అని ఇంకొకటి. ఇవి మన ఫోన్లలోకి వచ్చేసరికి 26 శవాల మీద వెకిలి నవ్వుల్లా కనిపించాయి. నిజంగా శవాల మీద నవ్విన నీచులూ ఉన్నారు, కాదనను. కానీ ఈ గ్యాస్ జోకు ఎవరి మీద? గ్యాసూ కరెంటూ నీళ్ళూ ఇవ్వలేని తమ సర్కారు మీద. కొన్నాళ్ళుగా సైన్యం మీద, అందులోనూ మాజీ ప్రధాని ఇమ్రాన్ ఖాన్ జైల్లో ఉన్న కాలంలో, నోరు తెరిచి అనలేనిదాన్ని కుర్రకారు నవ్వులో చుట్టి అంటోంది. ఇంట్లో వాళ్ళ మీద వేసుకునే చతుర్లు గోడ అవతలివాడికి వేరేలా వినబడతాయి.

అదే సైన్యం మే 10 నాటి కాల్పుల విరమణ తర్వాత పూలదండల పాలైంది. మే 20న సైన్యాధిపతి ఆసిమ్ మునీర్ ఫీల్డ్ మార్షల్ అయ్యారు. మనవైపు తిరంగా యాత్రలు సాగాయి. ఒకే యుద్ధాన్ని ఇద్దరూ గెలిచారు! ఉగ్రదాడి చేసినవాడికి ఏం కావాలో నాకు తెలియదు గానీ, పరువు తగ్గిన సైన్యానికి పరువు తిరిగి రావడం మాత్రం అందరూ చూశారు.

మరో సంగతి మన పత్రికల్లో పెద్దగా రాలేదు. 2024 ఫిబ్రవరి నుంచి పాకిస్థాన్‌లో ఎక్స్ (ఒకప్పటి ట్విటర్) మీద నిషేధం ఉండేది, సొంత జనం ప్రభుత్వాన్ని తిట్టిపోస్తున్నారని. మే 7న ఆ తలుపు తెరిచారు. తమను తిట్టకుండా ఉండటానికి మూసిన నోళ్ళను మనల్ని తిట్టడానికి తెరిచారన్నమాట. మన వైపు నుంచి పాక్ యూట్యూబ్ చానళ్ళు, నటుల ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలు మూతపడ్డాయి. ఇక మనకు అందింది మన టీవీలు ఏరి చూపించిన అటువైపు, వాళ్ళకు అందింది వాళ్ళ టీవీలు ఏరి చూపించిన ఇటువైపు. మే 8 రాత్రి మన చానళ్ళు కొన్ని కరాచీ రేవును నేలమట్టం చేశాయి. అటువైపు వీడియో గేమ్ దృశ్యాలు విమానాల కూల్చివేతలుగా తిరిగాయి.

కోపానికి ఒక దురలవాటుంది. దూరంగా ఉన్నవాడు దొరకడు కనుక దగ్గరివాడిని పట్టుకుంటుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు. పుల్వామా తర్వాత డెహ్రాడూన్ వంటి చోట్ల చదువుకుంటున్న కశ్మీరీ విద్యార్థులను తరిమారు, సుప్రీంకోర్టు కల్పించుకుని రాష్ట్రాలకు ఆదేశాలివ్వాల్సి వచ్చింది. పహల్గాంలో భర్తను కోల్పోయిన నౌకాదళ అధికారి భార్య, ముస్లింల మీదా కశ్మీరీల మీదా కక్ష వద్దని వేడుకుంది. శత్రువుకు పడాల్సిన తిట్లు ఆమెకు పడ్డాయి. జాతీయ మహిళా కమిషన్ ఆ వేధింపులను ఖండించాల్సి వచ్చింది. కాల్పుల విరమణ ప్రకటించిన పాపానికి విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీని, ఆయన కుటుంబాన్ని వెంటాడితే ఆయన తన ఖాతాకు తాళం వేసుకున్నారు.

మన హైదరాబాద్‌లో ఆ దుత్త కరాచీ బేకరీ. దేశ విభజనలో సింధ్ వదిలి కట్టుబట్టలతో వచ్చిన ఖాన్‌చంద్ రమ్నాని 1953లో మొజంజాహి మార్కెట్ దగ్గర పెట్టిన దుకాణం. వదిలొచ్చిన ఊరి పేరు బోర్డు మీద రాసుకున్నాడు, అంతే. 2019లో బెంగళూరు శాఖ బోర్డు మీద ‘కరాచీ’ అన్న మాటను గుడ్డతో కప్పాల్సి వచ్చింది. 2025 మేలో శంషాబాద్ శాఖ మీద దాడి చేశారు. యజమానులు జాతీయ జెండాలు కట్టుకుని మేం భారతీయులమే అని మొరపెట్టుకున్నారు. పాకిస్థాన్ పుట్టుక వల్ల ఇల్లు పోగొట్టుకున్న కుటుంబం పాకిస్థాన్ పేరు మీద దెబ్బలు తినడం! చిత్రమేమిటంటే సింధ్‌లోనూ ఒక హైదరాబాద్ ఉంది, అక్కడ ఒక హిందూ కుటుంబం 1911లో మొదలుపెట్టిన బాంబే బేకరీ ఉంది. దాని కేకుల కోసం ఇప్పటికీ జనం వరసలో నిలబడతారు.

సరిహద్దుకు ఎంత దూరమో గొంతు అంత పెద్దది. ఏప్రిల్ చివర్లో టీవీ స్టూడియోల్లో యుద్ధం మొదలైపోయినప్పుడు పూంచ్, ఉరి గ్రామాల్లో జనం బంకర్లు ఊడ్చుకుంటున్నారు. నియంత్రణ రేఖకు అవతల పాక్ ఆక్రమిత కశ్మీర్‌లోనూ అదే పని. అక్కడ వెయ్యికి పైగా మదర్సాలను పది రోజులు మూసేశారు, బడిపిల్లలకు ప్రథమ చికిత్స నేర్పారు. తర్వాత ఫిరంగి గుండ్లు పడ్డాయి. ఒక్క పూంచ్‌లోనే పదిమందికి పైగా పౌరులు పోయారు. శ్రీ సత్యసాయి జిల్లా నుంచి వెళ్ళిన అగ్నివీర్ ఒకరు నియంత్రణ రేఖ దగ్గర అమరుడయ్యాడు. కాల్పులు ఆగాయని తెలిసినప్పుడు దూరపు ఊళ్ళలో కొందరికి నిరాశ, సరిహద్దు ఊళ్ళలో ఊపిరి.

అటారీ గేటు దగ్గర ఏప్రిల్ చివరి వారం దృశ్యాలు టీవీలో చాలామంది చూసే ఉంటారు. తల్లిది భారత పాస్‌పోర్టు, పిల్లలది పాకిస్థాన్ పాస్‌పోర్టు. గేటు పిల్లలను పోనిచ్చింది, తల్లిని ఆపింది. కొన్ని రోజుల పాటు రోజూ సాయంత్రం జెండా దించే వేడుక కూడా జనం లేకుండానే నడిచింది. మే 20 తర్వాత జనాన్ని మళ్ళీ రానిచ్చారు. బూట్ల చప్పుడు, నినాదాలు, జెండాలు అన్నీ తిరిగొచ్చాయి. గేటు మాత్రం తెరవలేదు, రెండు వైపుల జవాన్లు చేతులు కలపలేదు. ఆ సెప్టెంబరులో దుబాయ్‌లో ఆసియా కప్ ఆడినప్పుడు మన క్రికెటర్లూ పాక్ జట్టుతో చేతులు కలపలేదు.