సముద్రపు బూజులో మందు ఎలా దొరుకుతుంది?

ఉప్పునీళ్లలో బూజు బతుకుతుందా? బతుకుతుంది. నాచు మీద, స్పాంజి ఒంట్లో, సముద్రపు అడుగు బురదలో శిలీంధ్రాలు ఉంటాయి. మన గోదావరి, కృష్ణా డెల్టాల మడ అడవుల్లో నాని కుళ్లే కలప మీద కూడా పరిశోధకులు వీటిని గుర్తించారు.

వాటిలో మందుకు పనికొచ్చే పదార్థం ఎందుకుంటుంది? శిలీంధ్రం ఉన్నచోటి నుంచి కదలలేదు. దాని తిండి కోసమే చుట్టూ బ్యాక్టీరియా పోటీ పడుతుంటాయి. అలాంటిచోట పక్కవాటిని ఎదగనివ్వని రసాయనం వదలడం దానికి పెద్ద ఆసరా. మనం వెతికేది ఆ రసాయనాన్నే.

ఇటలీలోని సార్డీనియా దీవిలో 1945లో జరిగింది ఇదే. కాగ్లియారీ ఊరి మురుగు సముద్రంలో కలిసేచోట నీళ్లు వాటంతటవే శుభ్రపడుతున్నట్లు ప్రొఫెసర్ జుసెప్పె బ్రోట్జు గమనించారు. అక్కడి నీళ్ల నుంచి ఒక శిలీంధ్రాన్ని వేరుచేసి పెంచారు. అది వదిలిన ద్రవం టైఫాయిడ్ క్రిమిని ఆపింది. దాన్ని శుద్ధి చేసే వసతి ఆయనకు లేదు. తెలుసుకున్నది 1948లో స్థానికంగా అచ్చువేయించి, శిలీంధ్రాన్ని ఆక్స్‌ఫర్డ్‌కు పంపారు.

అక్కడ ఎడ్వర్డ్ అబ్రహాం, గై న్యూటన్ ఆ ద్రవాన్ని విడదీశారు. టైఫాయిడ్ క్రిమిని ఆపింది ఒక రకం పెన్సిలిన్ అని తేలింది. దాన్ని శుద్ధి చేస్తుండగా మరో పదార్థం బయటపడింది. అదే సెఫలోస్పోరిన్ సి. క్రిముల మీద దాని బలం తక్కువే. కానీ పెన్సిలిన్‌ను విరిచేసే ఎంజైము దీన్ని విరవలేకపోయింది. నాకు ఈ కథలో అన్నిటికన్నా విలువైన ఘట్టం ఇదే: బలహీనంగా కనిపించినదాన్ని వాళ్లు పారేయలేదు. తర్వాత దాని మూలభాగానికి వేరే పక్కగొలుసులు తగిలించడంతో బలమైన మందులు తయారయ్యాయి. మొదటిది, సెఫలోథిన్, 1964లో వాడుకలోకి వచ్చింది.

ఇప్పుడు ఎలా వెతుకుతారు? తెచ్చిన నాచు ముక్కను బయట అంటుకున్న క్రిములు పోయేలా కడుగుతారు. సముద్రపు నీళ్లు కలిపిన అగార్ పళ్లెంలో పెడతారు. బ్యాక్టీరియా కమ్మేయకుండా అందులో కొంచెం యాంటీబయాటిక్ కూడా వేస్తారు. మొలిచిన ప్రతి బూజునూ విడిగా పెంచి, ఈథైల్ ఎసిటేట్ లాంటి ద్రావకంతో రసం తీస్తారు. ఆ రసాన్ని భాగాలుగా విడదీసి, ఒక్కో భాగాన్నీ క్రిముల మీద లేదా క్యాన్సర్ కణాల మీద పరీక్షిస్తారు. పనిచేసిన భాగాన్నే మళ్లీ విడదీస్తారు, ఒక్క పదార్థం మిగిలేదాకా. అది కొత్తదా, ఎప్పుడో దొరికిందేనా అన్నది ముందే చూసుకోవాలి. చాలాసార్లు పాతదే అవుతుంది.

మరో చిక్కు ఉంది. హాయిగా పెరిగే బూజు తన జన్యువుల్లో చాలావాటిని వాడదు. అందుకే ఉప్పు, తిండి, వెలుతురు మార్చి చూస్తారు. పక్కన శత్రువునూ పెడతారు. బహమాస్ దీవుల గోధుమరంగు నాచు మీది ఒక శిలీంధ్రం ఒంటరిగా ఉన్నప్పుడు పెస్టలోన్ అనే పదార్థం చేయలేదు. సముద్రపు బ్యాక్టీరియాతో కలిపి పెంచితే చేసింది. 2001లో వెలువడిన ఈ ఫలితం తర్వాత చాలామంది ఆ దారి పట్టారు.

దొరికినవన్నీ మందులవుతాయా? కావు. విషగుణం ఎక్కువై కొన్ని, ఒంట్లో నిలవక కొన్ని ఆగిపోతాయి. మురుగు కలిసేచోటి బూజు నుంచి సెఫలోథిన్ దాకా రావడానికే 19 ఏళ్లు పట్టింది. మన మందుల షాపుల్లోని సెఫాలెక్సిన్, సెఫిక్సిమ్ ఆ కుటుంబానివే. అనవసరంగా వాడినకొద్దీ వీటికి లొంగని క్రిములు పెరుగుతాయి. జలుబు వైరస్ వల్ల వచ్చేది, దానిమీద ఇవి పనిచేయవు. డాక్టరు రాయకుండా వీటిని కొనకండి. రాస్తే చెప్పినన్ని రోజులూ వేసుకోండి.