గుడ్ నైట్ కుట్టింది, పేరు కుట్టలేదు!

మా అమ్మమ్మది నర్సాపురం పక్క ఊరు. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆవిడ ట్రంకుపెట్టె సర్దుతుంటే రెండు పాత దిండు గలీబులు బయటపడ్డాయి. ఒకదాని మీద గులాబీ దారంతో ఇంగ్లిష్‌లో ‘గుడ్ నైట్’, రెండోదాని మీద ‘స్వీట్ డ్రీమ్స్’. చుట్టూ లేసు. అమ్మమ్మకి ఇంగ్లిష్ రాదు. ఎవరో కార్బన్ పేపర్ పెట్టి గీసిస్తే, ఆ గీత మీద కాడకుట్టు కుట్టుకుంటూ పోయిందట.

“ఇంకా ఏం కుట్టావు అమ్మమ్మా?”

“గుమ్మం తెరకి వెల్‌కమ్. మీ తాతయ్య రుమాళ్ల మీద ఆయన పేరులో అక్షరాలు.”

“మరి నీ పేరు?”

“నా పేరెందుకే? ఏదో ఖాళీగా ఉన్నప్పుడు చేసిన పని!”

ఖాళీగానా? ఏజెంటు ఇచ్చిన దారంతో ఏళ్ల తరబడి లేసు అల్లిన మనిషి ఆవిడ.

ఈ ‘ఖాళీ’ గురించే ఒక పుస్తకం ఉంది తెలుసా? జర్మన్ స్త్రీవాద సామాజికవేత్త మరియా మీస్ 1970ల చివర్లో నర్సాపురం ప్రాంతంలో లేసు అల్లే ఆడవాళ్లతో మాట్లాడి, 1982లో ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ ప్రచురించారు. క్రైస్తవ మిషనరీలు 19వ శతాబ్దంలో ఇక్కడ నేర్పిన పని అది. సరుకు విదేశాలకు వెళ్లేది. అల్లేది ఆడవాళ్లు, ఎగుమతి వ్యాపారం మగవాళ్లది. ఇంటి చాకిరీ కాక రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లినా, వాళ్లని కార్మికులు అనలేదు. ‘గృహిణులు, తీరిక వేళ కాలక్షేపం’ అన్నారు. కాలక్షేపానికి కనీస కూలి ఎవరిస్తారు! 2024లో నర్సాపురం లేసుకి జీఐ ట్యాగ్ వచ్చింది. ఊరికి గుర్తింపు వచ్చినందుకు సంతోషమే. కానీ అల్లిన మనిషి పేరు ఏ లేసు మీదా ఉండదు.

సూదితో సొంత మాట రాసుకున్న ఆడవాళ్లు వేరే చోట్ల ఉన్నారు. ఇంగ్లండ్‌లో ఎలిజబెత్ పార్కర్ అనే పనమ్మాయి 1830 ప్రాంతంలో, పనిచేసిన ఇంట్లో తను పడ్డ బాధంతా ఒక నార గుడ్డ మీద ఎర్ర దారంతో కుట్టింది. చివరి వాక్యం సగంలోనే ఆగిపోయింది. ఆ గుడ్డ ఇప్పుడు లండన్‌లోని వీ అండ్ ఏ మ్యూజియంలో ఉంది. ఆడపిల్లకి అణకువ నేర్పడానికి చేతికిచ్చిన సూదినే ఆడవాళ్లు ఎదురు చెప్పడానికీ వాడుకున్నారని 1984లో రోజికా పార్కర్ ఒక పుస్తకమే రాశారు. ట్రేసీ ఎమిన్ లాంటి ఆర్టిస్టులు దుప్పట్ల మీద తమ మనసులో మాట కుట్టి గ్యాలరీల్లో వేలాడదీశారు.

రాజమండ్రి వచ్చేశాక నేనూ ఒక తెల్ల గలీబు, ఫ్రేము, రెండు రంగుల దారం కొన్నాను. మన అక్షరాలన్నీ గుండ్రాలు కదా, కాడకుట్టు హాయిగా తిరుగుతుంది అనుకున్నా. మొదటి ‘అ’కే నలభై నిమిషాలు! మెడ పట్టేసింది. అమ్మమ్మ ‘ఖాళీ’ ఎంత బరువో అప్పుడు తెలిసింది.

మళ్లీ ఊరెళ్లి ఆ గలీబు చూపించాను.

“దారం అంత లాగకే, గుడ్డ ముడతలు పడుతోంది” అని లాక్కుంది.

“సరే, నువ్వే కుట్టు. నీకు నచ్చింది కుట్టు” అన్నాను.

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పెన్సిల్ అడిగి, తన చేత్తోనే తన పేరు రాసుకుంది. ముందు ఇంటిపేరు. తాతయ్యది కాదు, పుట్టింటిది. పెళ్లయ్యాక మళ్లీ ఎక్కడా రాయలేదట.

కళ్లజోడు సర్దుకుని రెండు మధ్యాహ్నాలు కూర్చుని కుట్టింది. ఈసారి ‘ఖాళీగా ఉండి’ అనలేదు. “పనిలో ఉన్నా, కాఫీ నువ్వే పెట్టు” అంది.

మీ ఇంట్లోనూ ఇలాంటి గలీబు ఉండే ఉంటుంది. ఫొటో తీసే ముందు, అది ఎవరు కుట్టారో అడగండి.