గోడ విడిచిన బొమ్మలు

ఎత్తిపోతలకి వెళ్ళొచ్చామంటే ఎవరైనా అడిగేది ఒక్కటే, "నీళ్ళున్నాయా?" అని. చంద్రవంక డెబ్బై అడుగుల ఎత్తునుంచి దూకుతుంటే రెండు కళ్ళూ చాలవు, నిజమే. కానీ పులిహోర తిని, ఫొటోలు దిగి, అటునుంచి అటే బస్సెక్కేస్తాం. కాస్త దూరంలోనే అనుపు, నాగార్జునకొండ ఉన్నాయి. ఆడవాళ్ళం తప్పకుండా చూడాల్సిన చోటు అది. ఎందుకో చెబుతాను.

మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అక్కడే ఉండేది. రాజులు వైదిక యజ్ఞాలు చేస్తే, బౌద్ధ కట్టడాలకు డబ్బిచ్చింది ఎక్కువగా అంతఃపురం ఆడవాళ్ళే. వీరపురుషదత్తుడి మేనత్త చాంతిసిరి అతని ఆరో పాలనా సంవత్సరంలో మహాచైత్యానికి ఆయక స్తంభాలు నిలబెట్టింది. బోధిసిరి రాణి కాదు, ఉపాసిక. ఆమె శాసనం చదివితే నాకు మన ఇంటి పద్దుల పుస్తకమే గుర్తొచ్చింది. ఒకచోట మూడు గదులు, ఇంకోచోట ఏడు గదులు, ఒకచోట చెరువు, మరోచోట రాతి మంటపం! ఆ పుణ్యంలో భర్తకీ, పుట్టింటివాళ్ళకీ కూడా వాటా రాయించింది.

పుస్తకాల్లో వాస్తు ఒక అధ్యాయం, శిల్పం మరో అధ్యాయం. కట్టినవాళ్ళకి ఆ తేడా ఎక్కడిది? మహాచైత్యం అడ్డకొలత 106 అడుగులు. లోపల బండిచక్రంలా ఇటుక గోడలు, మధ్య ఖాళీల్లో మట్టి. నాలుగు దిక్కులా ముందుకొచ్చిన ఆయక వేదికలు, ఒక్కోదాని మీద ఐదేసి స్తంభాలు. బుద్ధుడి జీవితంలోని ఐదు ఘట్టాలకి గుర్తులంటారు వాటిని. మిగతా స్తూపాల్లో ఆ వేదికల అంచున పొడుగాటి పలనాటి సున్నపురాతి దూలాలుండేవి. వాటినిండా జాతక కథలు, కథకీ కథకీ మధ్య ఒక జంట బొమ్మ. భక్తులు కుడిచేతివైపు స్తూపం ఉండేలా తిరుగుతుంటే ఆ కథలు ఒక్కొక్కటే ఎదురొచ్చేవి. కట్టడం నడిపించేది, బొమ్మ కథ చెప్పేది.

ఆ జోడీ విడిపోయింది. 1955లో సాగర్ డ్యామ్‌కి పునాదిరాయి పడింది. లోయ మునిగేలోగా, 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వకాలు జరిగాయి. ముఖ్యమైన కట్టడాలు కొన్నింటిని విడదీసి కొండమీదా, అనుపులోనూ తిరిగి కట్టారు. శిల్పాలు మ్యూజియంలో చేరాయి. మన పొలాలు తడిపిన నీళ్ళే అవి, కాదనను. కానీ మ్యూజియంలో ఆ దూలాలు గోడవారన నిలబడితే, పెళ్ళిపందిట్లోంచి తీసుకొచ్చి బీరువాలో మడిచిపెట్టిన పట్టుచీరలా అనిపిస్తాయి నాకు. అందం ఎక్కడికీ పోలేదు, సందర్భమే పోయింది.

అందుకే ఈసారి వెళ్తే ముందు అనుపులో ఆగండి. మెట్లమెట్లుగా ఉన్న రంగస్థలం, పైన హారీతి ఆలయం పిల్లలకి చూపించండి. ఆ తర్వాత విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కండి. లాంచీలు నడిచే వేళలు ముందే కనుక్కోవడం మంచిది. మ్యూజియంలో ప్రతి బొమ్మ దగ్గరా "ఇది ఏ గోడకి ఉండేదమ్మా?" అని పిల్లలచేత అడిగించండి. జవాబు వెతుక్కుంటూ చాంతిసిరి, బోధిసిరి పేర్లు కూడా వాళ్ళే నేర్చుకుంటారు.