ఎడారిలో గుడారం వేసేముందు...

నవంబరు వచ్చిందంటే చాలు, దమ్మామ్‌లో మన తెలుగు కుటుంబాల మధ్య ఒకటే ఫోన్లు. "ఈ వారం ఎడారికి పోదామా?" అని! ఆరేడు నెలలు ఏసీ గదుల్లో మగ్గిన వాళ్ళకి ఆ చల్లగాలి తగిలితే ఇంట్లో ఉండబుద్ధి కాదు మరి. సౌదీలు ఈ షికారుని "కష్తా" అంటారు. 2013 జూన్ దాకా ఇక్కడ గురు, శుక్రవారాలు సెలవులు. ఇప్పుడు శుక్ర, శనివారాలు కాబట్టి గురువారం సాయంత్రమే సామాను డిక్కీలోకి ఎక్కుతుంది.

కొత్తగా వచ్చినవాళ్ళు ఎక్కడికి వెళ్ళాలి, ఏం తీసుకెళ్ళాలి అని అడుగుతూనే ఉంటారు. అది చెబుతూ, మేము చేసిన ఒక తప్పు కూడా రాస్తాను. నిజానికి ఈ వ్యాసం దానికోసమే.

పిల్లలతో మొదటిసారి అయితే హాఫ్ మూన్ బే చాలు. దహ్రాన్ దాటి కాస్త దక్షిణానికి వెళితే ఒకపక్క సముద్రం, మరోపక్క ఇసుక తిన్నెలు. కానీ అసలు ఎడారి చూడాలంటే ఉత్తరానికి, జుబైల్ దాటి నయీరియా వైపు వెళ్ళాలి. సౌదీలు ఆ ఊరిని "వసంత నగరం" అని పిలుచుకుంటారు. పాత టాప్‌లైన్ రోడ్డు అటుగానే పోతుంది. 1950 నుంచి సౌదీ చమురుని లెబనాన్ తీరందాకా మోసిన పైపులైన్ పేరు అది.

వసంతం ఏమిటి, ఎడారిలో గడ్డి ఏమిటి అని నేనూ నవ్వాను. ఏడాది మొత్తం మీద 100 మిల్లీమీటర్ల వాన కూడా సరిగ్గా పడని చోటు ఇది. మన అనంతపురంలో పడేదానిలో అయిదో వంతు కూడా కాదు. కానీ ఆ కాస్త వాన అక్టోబరు, నవంబరుల్లో పడితే జనవరికల్లా నేలంతా పచ్చటి పొర పరుచుకుంటుంది. చుట్టుపక్కల నీరు చేరే పల్లపు ప్రదేశాల్ని "రౌదా" అంటారు, అంటే తోట అని అర్థం. అక్కడైతే మోకాలెత్తు గడ్డి, "అర్ఫజ్" అనే పసుపు పూల పొదలు. పేరున్న రౌదాలు రియాద్ వైపు ఉన్నాయి. వాటిలో రౌదత్ ఖురైం, 2018లో ఏర్పడిన కింగ్ అబ్దులజీజ్ రాయల్ రిజర్వులో భాగం. అలాంటి చోట్లకి ముందే ఆన్‌లైన్‌లో పర్మిట్ తీసుకోవాలి.

ఈ నేలలోనే "ఫగా" దొరుకుతుంది. చూడ్డానికి చిన్న బంగాళాదుంప, నిజానికి భూమిలో పెరిగే శిలీంధ్రం. ఉరుములు ఉరిమితేనే ఫగా పుడుతుందని ఇక్కడి పెద్దల నమ్మకం. మన ఊళ్ళలో పుట్టగొడుగుల గురించి అనుకునేదీ అదే కదా! మంచి సరుకు ధర వింటే మాత్రం కొనాలన్న సరదా తీరిపోతుంది.

మాది కర్నూలు వైపు. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించిన రోళ్ళపాడు గడ్డి మైదానాలు మాకు దగ్గరే. అదే కుటుంబానికి చెందిన హుబారా పక్షి చలికాలంలో ఈ ఎడారికి వలస వస్తుంది. రోళ్ళపాడులో ఇప్పుడు ఆ పిట్ట కనపడటమే గగనం. గడ్డి పోతే పిట్ట పోతుందని అక్కడ చూసిన వాడిని కాబట్టి, ఇక్కడ పచ్చిక మీద కార్లతో గుండ్రాలు కొట్టేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. దయచేసి ఉన్న దారి మీదే వెళ్ళండి. ఎండినట్టు కనిపించినా సరే, అక్కడి పొదలు విరిచి మంట వేయకండి. స్థానిక కట్టె కొట్టినా, అమ్మినా, తరలించినా పర్యావరణ చట్టం కింద పెద్ద జరిమానాలున్నాయి. దిగుమతి కట్టెలు, బొగ్గులు సూపర్ మార్కెట్లోనే కొనుక్కోవచ్చు.

డ్రైవింగ్ సంగతి. ఒక్క కారుతో వెళ్ళకండి, కనీసం రెండు ఉండాలి. ఇసుకలోకి దిగేముందు టైర్లలో గాలి సగానికి, అంటే 15-18 పీఎస్‌ఐకి తగ్గించాలి. తిరిగి రోడ్డెక్కాక నింపడానికి చిన్న కంప్రెసర్ వెంట ఉండాలి. తీరం దగ్గర "సబ్ఖా" అనే నేలలుంటాయి. మన చవుడు నేలే అనుకోండి. పైన తెల్లగా, గట్టిగా కనిపిస్తుంది, కింద బురద. అందులో దిగబడితే ఫోర్ వీల్ డ్రైవు కూడా ఏమీ చేయలేదు. వాన సూచన ఉంటే పల్లంలో గుడారం వేయకూడదు. వాన ఎక్కడో పడినా నీళ్ళు మీ దగ్గరికే వస్తాయి.

ఇక చలి. పగలు చొక్కాతో తిరిగిన చోటే రాత్రి పది డిగ్రీల లోపుకి పడిపోవడం మామూలే. మన వాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

ఓ జనవరిలో మూడు కుటుంబాలం వెళ్ళాం. చికెన్ కాల్చుకున్నాం, అంత్యాక్షరి అయింది. పన్నెండు దాటాక పిల్లలు వణుకుతుంటే, మిగిలిన నిప్పుల కుంపటిని నేనే మా గుడారంలోకి తెచ్చి పెట్టాను. మంట లేదు, పొగ లేదు, ఇంకేం భయం అనుకుని జిప్పు పూర్తిగా మూసేశాను. రెండింటికి మా పాప వాంతి చేసుకుంది. మా ఆవిడ తలనొప్పి అంటోంది. మసాలా పడలేదేమో అనుకున్నాను. నాకూ తల దిమ్ముగానే ఉంది, లేచి కూర్చోబుద్ధి కాలేదు. పక్క గుడారంలోని అన్నయ్య చప్పుడు విని వచ్చి, కుంపటిని చూస్తూనే కేకలేసి, పిల్లల్ని ఎత్తి బయట పడుకోబెట్టారు. చల్లగాలికి గంటలో తేరుకున్నాం. తెల్లారాక హాస్పిటల్లో చూపించుకున్నాం కూడా.

ఇందులో సిగ్గుపడాల్సిన విషయం ఏమిటంటే, ప్లాంటులో పగలంతా ఛాతీకి గ్యాస్ డిటెక్టర్ తగిలించుకుని తిరిగేవాణ్ణి నేను!

పొగ రాని ఎర్రటి బొగ్గే ఎక్కువ మోసం చేస్తుంది. గాలి చాలక సగం కాలిన బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, ఊపిరి ఆడుతూనే ఉంటుంది, ఒంటికి మాత్రం ఆక్సిజన్ అందదు. తలనొప్పి, వికారం, మగత... అన్నీ తిండి తేడా చేసినట్టే ఉంటాయి. నిద్రలో ఉంటే అవీ తెలియవు. గుడారంలో ఒకేసారి ఇద్దరు ముగ్గురికి తలనొప్పి వచ్చిందంటే మాత్రం అనుమానించాల్సింది గాలినే. ముందు అందరూ బయటికి రావాలి, తర్వాతే మిగతావి. ఈస్టర్న్ ప్రావిన్స్‌లో 911, రెడ్ క్రెసెంట్ అంబులెన్సుకి 997. సిగ్నల్ ఎక్కడిదాకా ఉందో వెళ్ళేటప్పుడే గమనించుకోండి. జిప్పు కొంచెం తెరిచి పెడితే చాలదు. గ్యాస్ హీటరు, కారు ఇంజను కూడా ఇదే పని చేస్తాయి.

ఇప్పుడు మేం మనిషికి రెండు రజాయిలు, ఉన్ని టోపీలు, కింద పరచడానికి మందపాటి తివాచీ తీసుకెళ్తున్నాం. చలి పైనుంచి కంటే నేలనుంచే ఎక్కువ వస్తుంది. పడుకునే ముందు వేడినీళ్ళ రబ్బరు సంచి పిల్లల కాళ్ళ దగ్గర పెడతాం. బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి గుడారంలో వేలాడుతుంటుంది. చివరగా కుంపటి మీద నీళ్ళు పోసి, ఇసుక కప్పి, చెయ్యి పెట్టి చూసే డ్యూటీ ప్రతిసారీ నాదే. మా ఆవిడ వేరేవాళ్ళకి ఇవ్వనివ్వదు.