పిల్లికి షుగర్.. తిండి మార్చి ఇన్సులిన్ మాత్రం అంతే ఇస్తున్నారా? ప్రాణాలకే ముప్పు!

షుగర్ మనుషులకే వచ్చే జబ్బు అనుకుంటారు చాలామంది. కానీ ఇంట్లో పెంచుకునే పిల్లులకూ వస్తుంది. సరైన తిండి పెట్టి, వేళకు ఇన్సులిన్ ఇస్తే చాలా పిల్లులు ఏళ్ల తరబడి హాయిగా బతుకుతాయి. కొన్నింటికైతే కొన్నాళ్లకు ఇన్సులిన్ అవసరమే ఉండదు. అయితే ఇక్కడో చిక్కుంది. తిండికి, ఇన్సులిన్‌కు లెక్క కుదరాలి. ఒకటి మార్చి రెండోది అలాగే ఉంచితే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. షుగర్ ఎక్కువగా ఉంటే నష్టం చాలావరకు మెల్లగా జరుగుతుంది. అదే బాగా పడిపోతే గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

ఎలా గుర్తుపట్టాలి?

నీళ్లు ఎక్కువగా తాగడం, మాటిమాటికీ మూత్రం పోయడం, బాగా తింటున్నా బరువు తగ్గిపోవడం.. ముఖ్యమైన లక్షణాలు ఇవే. కొన్ని పిల్లుల్లో వెనక కాళ్ల నరాలు దెబ్బతింటాయి. అప్పుడు మునివేళ్ల మీద కాకుండా మడమలు నేలకు ఆనించి నడుస్తాయి. వయసు పైబడినవి, లావెక్కినవి, ఇల్లు దాటి బయటికి వెళ్లనివి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించిన మగ పిల్లులు.. వీటికి ముప్పు ఎక్కువ. వేరే జబ్బులకు వాడే స్టెరాయిడ్ మందుల వల్ల కూడా షుగర్ రావొచ్చు.

ఒక్క రక్త పరీక్షతో మాత్రం తేల్చేయలేరు. ఆస్పత్రికి తీసుకెళ్లిన భయానికే పిల్లి రక్తంలో షుగర్ పెరిగిపోతుంది. అందుకే డాక్టర్లు మూత్ర పరీక్ష కూడా చేస్తారు. ఫ్రక్టోసమైన్ అనే మరో రక్త పరీక్ష ఉంది. గత ఒకటి రెండు వారాల్లో షుగర్ సగటున ఎలా ఉందో దాంతో తెలుస్తుంది.

పాలన్నం, పెరుగన్నం ఎందుకు వద్దు?

పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. అది వేటాడి తినే ఎలుకల్లో, పిట్టల్లో పిండిపదార్థం చాలా తక్కువ. మన ఇళ్లలోనేమో పిల్లికి పాలన్నమో, పెరుగన్నమో కలిపి పెట్టడం అలవాటు. షాపుల్లో దొరికే చాలా రకాల డ్రై ఫుడ్‌లోనూ పిండిపదార్థం దాదాపు మూడో వంతు దాకా ఉంటుంది. ఇదంతా రక్తంలో చక్కెరగా మారుతుంది. షుగర్ ఉన్న పిల్లికి పిండిపదార్థం నుంచి వచ్చే కేలరీలు మొత్తంలో 12 శాతం మించకుండా, ప్రొటీన్ ఎక్కువగా ఉండేలా చూడాలని వెటర్నరీ మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. మెత్తగా ముద్దలా ఉండే వెట్ ఫుడ్ చాలావరకు ఈ లెక్కకు దగ్గరగా ఉంటుంది. గ్రేవీ రకాల్లో మాత్రం చిక్కదనం కోసం పిండి కలపొచ్చు. ప్యాకెట్ మీద చూసి కొనాలి.

అలాగని ఇంట్లో వండిన చికెన్ కర్రీ పెట్టేయకూడదు. ఉల్లి, వెల్లుల్లి పిల్లులకు విషం. మసాలా లేకుండా ఉడికించిన చికెన్ ఒక్కటే రోజూ పెట్టినా కాల్షియం, టారిన్ లాంటివి సరిపోవు. లావు తగ్గించాలని పస్తు పెట్టడం అంతకన్నా ప్రమాదం. పిల్లి కొన్ని రోజులు తినకపోతే లివర్‌లో కొవ్వు పేరుకుపోతుంది. బరువు మెల్లగా, వారానికి ఒక శాతం చొప్పున తగ్గితే చాలు. కిడ్నీ జబ్బు కూడా ఉంటే డైట్ వేరేగా ఉండొచ్చు. అది డాక్టరే చెప్పాలి.

తిండి మారితే డోస్ ఎందుకు తగ్గాలి?

అసలు విషయం ఇదే. ఒక పిల్లి డ్రై ఫుడ్, పాలన్నం తింటున్నప్పుడు డాక్టర్ పరీక్షలు చేసి పూటకు రెండు యూనిట్ల ఇన్సులిన్ రాశారనుకుందాం. ఆ రెండు యూనిట్లూ ఆ తిండికి తగ్గ లెక్క. ఇంట్లోవాళ్లు మంచి చేద్దామనే పిండిపదార్థం లేని తిండికి మార్చేశారు. డాక్టర్‌కు చెప్పలేదు. ఇప్పుడు రక్తంలోకి వచ్చే చక్కెర తగ్గింది. ఇన్సులిన్ మాత్రం అంతే పడుతోంది. దీంతో షుగర్ 60 కిందికి జారిపోవచ్చు.

ఇంకో కారణం కూడా ఉంది. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉన్నన్నాళ్లూ క్లోమం అలసిపోయి ఇన్సులిన్ సరిగా తయారుచేయదు. షుగర్ అదుపులోకి వచ్చాక అది మళ్లీ కోలుకోవచ్చు. అప్పుడు నిన్నటిదాకా సరిపోయిన డోసే ఎక్కువైపోతుంది. అందుకే తిండిని వారం, పది రోజుల్లో కొద్దికొద్దిగా మార్చాలి. ఆ రోజుల్లో షుగర్ తరచూ చూసుకుంటూ, డోస్ ఎంత ఇవ్వాలో డాక్టర్‌ను అడుగుతూ ఉండాలి.

సిరంజి తేడా వస్తే రెండున్నర రెట్లు!

పిల్లులకు ఇన్సులిన్ సాధారణంగా 12 గంటలకోసారి చర్మం కింద ఇస్తారు. గ్లార్జిన్, పీజెడ్ఐ, పంది ఇన్సులిన్‌తో చేసిన లెంటే రకాలు వాడతారు. చాలా పిల్లులకు మొదట్లో పూటకు ఒక యూనిట్, అంతకన్నా తక్కువే సరిపోతుంది. అంత చిన్న డోస్‌లో చిన్న పొరపాటు కూడా పెద్దదే అవుతుంది.

మన దేశంలో ఇన్సులిన్ ఎక్కువగా రెండు బలాల్లో దొరుకుతుంది. మిల్లీలీటర్‌కు 40 యూనిట్లు ఉండేది ఒకటి, 100 యూనిట్లు ఉండేది మరొకటి. సిరంజిలూ వేర్వేరు. 40 రకానికి సాధారణంగా ఎర్ర మూత, 100 రకానికి ఆరెంజ్ మూత ఉంటుంది. 100 రకం ఇన్సులిన్‌ను 40 సిరంజితో తీస్తే ఒక యూనిట్ అనుకున్నది రెండున్నర యూనిట్లు అవుతుంది. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా అని ప్రతిసారీ చూసుకోవాలి.

మందు బొచ్చు మీద కారిపోయినా, లోపలికి ఎంత వెళ్లిందో తెలియకపోయినా మళ్లీ ఇవ్వొద్దు. ఒక పూట మరిచిపోతే తర్వాతి పూట డబుల్ డోస్ ఇవ్వొద్దు. పిల్లి తినకపోయినా, వాంతి చేసుకున్నా ఇంజెక్షన్ ఇచ్చే ముందే డాక్టర్‌కు ఫోన్ చేయాలి. ఇంట్లో పెద్దవాళ్లు వేసుకునే షుగర్ మాత్రలు పిల్లికి అస్సలు వేయకూడదు.

షుగర్ పడిపోతే వెంటనే ఏం చేయాలి?

తూలుతూ నడవడం, నీరసంగా పడిపోవడం, వణుకు, ఫిట్స్.. ఇవి షుగర్ పడిపోయిందనడానికి గుర్తులు. పిల్లి మింగగలిగితే వెంటనే తిండి పెట్టాలి. తినకపోతే తేనె గానీ, గ్లూకోజ్ నీళ్లు గానీ వేలితో చిగుళ్లకు రాయాలి. స్పృహ లేనప్పుడు నోట్లో పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. కాస్త కోలుకున్నట్టు కనిపించినా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే. ఇన్సులిన్ ఇంకా పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి మళ్లీ పడిపోవచ్చు.

దీనికి పూర్తిగా వేరే అత్యవసరం ఇంకొకటి ఉంది. షుగర్ ఎక్కువగా ఉన్న పిల్లి తిండి మానేసి, వాంతులు చేసుకుంటూ డీలా పడిపోతే అది కీటోఅసిడోసిస్ కావొచ్చు. అప్పుడూ ఆలస్యం చేయొద్దు.

ఇంట్లోనే పరీక్ష సాధ్యమే

చెవి అంచున చిన్నగా గుచ్చి, ఒక్క రక్తపు చుక్కతో గ్లూకోమీటర్‌లో చూడొచ్చు. మనుషుల మీటర్లు పిల్లుల్లో అసలు కన్నా కాస్త తక్కువ చూపిస్తుంటాయి. అందుకే ప్రతిసారీ ఒకే మీటర్ వాడి, అది ఏ రకమో డాక్టర్‌కు చెప్పాలి. చర్మానికి అంటించే సెన్సర్లను కూడా ఇప్పుడు పిల్లులకు వాడుతున్నారు. ఒక్క రీడింగ్ ఎక్కువ వచ్చిందని కంగారుపడి డోస్ పెంచేయకూడదు.

మరి మాత్రలు లేవా?

అమెరికాలో పిల్లుల కోసం బెక్సాగ్లిఫ్లోజిన్ మాత్రకు 2022 డిసెంబర్‌లో, వెలాగ్లిఫ్లోజిన్ ద్రవ మందుకు 2023లో అక్కడి ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. అయితే ఇవి అంతకుముందు ఇన్సులిన్ వాడని, మిగతా ఆరోగ్యం బాగున్న పిల్లులకే. వీటితోనూ కీటోఅసిడోసిస్ ముప్పు ఉంది. అందుకే గట్టి పర్యవేక్షణ తప్పనిసరి.

ఇన్సులిన్ ఆపే రోజు వస్తుందా?

జబ్బు తొందరగా గుర్తించి, పిండిపదార్థం తగ్గించి, మొదట్నుంచీ ఇన్సులిన్ సరిగా ఇస్తే కొన్ని పిల్లుల్లో ఆ రోజు వస్తుంది. ఇన్సులిన్ లేకుండా నాలుగు వారాలు షుగర్ మామూలుగా ఉంటే ఉపశమనం వచ్చినట్టు లెక్క. తర్వాత మళ్లీ తిరగబెట్టొచ్చు కాబట్టి డైట్ మానకూడదు, పరీక్షలూ ఆపకూడదు. రోజూ ఏం తిన్నది, ఎంత నీళ్లు తాగింది, ఇన్సులిన్ ఎన్ని యూనిట్లు ఇచ్చారు, షుగర్ ఎంత ఉంది.. ఇవన్నీ ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఆ పుస్తకం చూస్తే డోస్ ఎప్పుడు తగ్గించాలో డాక్టర్‌కు ఇట్టే తెలిసిపోతుంది.