ఓడ మాటలు – మోటుపల్లి రేవు

గుంటూరు, ప్రకాశము సీమల నల్లరేగడి నేలలలో ప్రత్తియు, మిరపయు పండించు రైతు సముద్రము నెన్నడును చూచి యుండకపోవచ్చును. అయినను కలిమిలేముల మాట వచ్చినప్పుడు “ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగును” అని అతడనును. ఇందు వింత లేదు. ఆ పొలములకు తూర్పున నున్న తీరము పూర్వము విదేశ నౌకలకు నెలవై యుండెను.

ముందుగా ఓడ మాటలను తెలిసికొందము. గాలిని పట్టి ఓడను నడుపునది తెరచాప. తెర, చాప అను రెండు తెలుగు మాటలు కలిసి ఈ పదమైనది. తెరచాపను మోయు నిలువు స్తంభము కూపకము. ఇది సంస్కృత పదము. ఓడ వెనుక భాగమున నుండి దారి మళ్లించునది చుక్కాని. అరబ్బీ భాషలోని ‘సుక్కాన్’ అను మాటయే తెలుగున ఇట్లు మారినది. నీటి అడుగున నేలను కరచుకొని ఓడను కదలనీయని ఇనుప కొక్కెము లంగరు. ఇది పారసీ పదము. నావికుల పెద్దకు గల సరంగు అను పేరును ఆ భాషనుండి వచ్చినదే. సంస్కృతమున చుక్కానిని కర్ణమందురు. దానిని పట్టువాడు కర్ణధారుడు. కావుననే ఒక మహాకార్యమును ముందుండి నడుపువానిని గూడ కర్ణధారుడని పిలుతుము.

చూచితిరా! ఒక్క ఓడలో నాలుగు భాషలు కలిసి పయనించుచున్నవి. మాటలు తమంత తాము సముద్రమును దాటి రావు, మనుష్యులతో వచ్చును.

ఈ రాకపోకలు మిక్కిలి ప్రాచీనమైనవి. క్రీ. శ. రెండవ శతాబ్దిలో ఏలిన యజ్ఞశ్రీ శాతకర్ణి సీసపు నాణెములపై రెండు కూపకములు గల ఓడ బొమ్మ కానవచ్చును. ఆ రాజు శాసనమొకటి చినగంజాములో దొరకినది. దానికి సమీపముననే మోటుపల్లి కలదు. కాకతీయుల కాలమున అది ప్రసిద్ధమైన రేవు.

ఆ దినములలో నావికుని భయము తుపాను ఒక్కటియే కాదు. గాలివాన తాకిడికి ఓడ పగిలి ఒడ్డునకు కొట్టుకొని వచ్చినచో, అందలి బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను రాజులు బలిమిని గైకొనుచుండిరి. కడలి మిగిల్చిన దానిని గట్టు మీదివారు హరించెడివారన్నమాట! కాకతి గణపతిదేవుడు 1244వ సంవత్సర ప్రాంతమున మోటుపల్లిలో అభయశాసనము వేయించి ఈ అన్యాయమును మాన్పెను. ప్రాణముకంటె ధనమే మిన్నయని తలచి సముద్రయానమునకు తెగించిన వర్తకులకు, నియమిత సుంకము తప్ప తక్కినదంతయు విడిచితిమని అతడు ప్రకటించెను. ఎగుమతి దిగుమతులపై ఆ సుంకము ముప్పదింట ఒక వంతు మాత్రమే. ఆ శతాబ్ది చివర భారతదేశమునకు వచ్చిన మార్కోపోలో ఈ రేవును ‘ముత్ఫిలి’ అని పేర్కొని, సాలెగూటి వంటి ఇక్కడి సన్నని వస్త్రములను కొనియాడెను.

నేడు మోటుపల్లి బాపట్ల జిల్లాలో ఒక గ్రామము. అక్కడ విదేశ నౌకలు లంగరు దింపుట లేదు. శాసన స్తంభము మాత్రము వీరభద్రాలయము చెంత నిలిచియున్నది. చుక్కాని, లంగరు, సరంగు అను మాటలును మన నోట నిలిచియున్నవి. రాతిపై చెక్కిన అక్షరములవలెనే నాలుకపై నిలిచిన పదములును చరిత్రకు సాక్షులు.